పట్టికలో లేని గంటలు

మా ఆసుపత్రికి నెలకోసారి ఇద్దరు సేల్స్ మనుషులు వస్తారు. ఒకాయన వల అమ్ముతాడు, ఇంకొకాయన గొట్టం అమ్ముతాడు. రెండూ ఒకే పనికి. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి మనిషికి ఒక పక్క పడిపోతే, తొడ దగ్గర సూదితో దారి చేసుకుని, లోపల్లోపలే మెడ దాటి పైకి పోయి ఆ గడ్డను బయటికి తీయాలి. వల ఆయన సంచిలో ఒక ప్లాస్టిక్ నాళం, అందులో ఎర్ర జెల్లీ ముక్క ఉంటాయి. దాన్ని వలతో పట్టి లాగి, మేము చప్పట్లు కొట్టాలన్నట్టు చూస్తాడు. గొట్టం ఆయన తెచ్చేదీ అదే జెల్లీ, కాకపోతే ఆయనది సర్రుమని పీల్చేస్తుంది. జెల్లీ ఎప్పుడూ ఇద్దరి మాటా వింటుంది. నేను ఇద్దరికీ టీ ఇప్పించి, ఇద్దరి దగ్గరా పెన్నులు పుచ్చుకుంటాను.

నేను అక్కడ ఈ పనులు జరిగే క్యాథ్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. ఎక్స్‌రే మిషను నడపడం, డాక్టరు అడిగిన సామాను విప్పి అందించడం, గోడ గడియారం చూసి టైములు రాయడం నా ఉద్యోగం. ఇంకో పని ఎవరూ అప్పగించకుండానే నెత్తికెత్తుకున్నాను. బయటికొచ్చిన గడ్డను కడిగి, తెల్ల గాజుగుడ్డ మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తాను. చాలామటుకు గోరంత ఉంటాయి. అంత చిన్నది ఒక మనిషిని మంచాన పడేసిందంటే చూసినవాళ్ళు నమ్మరు.

మా ల్యాబ్‌లో ఇద్దరు డాక్టర్లు. పెద్దాయన వల మనిషి, చిన్నాయన గొట్టం మనిషి. వలను మూసిన ఛత్రీలా గడ్డలోంచి అవతలికి తోసి, అక్కడ విప్పి, తీగలు గడ్డలోకి దిగేదాకా కొద్ది నిమిషాలు ఆగి, అప్పుడు లాగాలి. గొట్టమైతే గడ్డ మూతి దాకా పోయి, పంపు ఆన్ చేసి, పట్టు దొరికాక వెనక్కి రావడమే. గొట్టం త్వరగా అవుతుందని చిన్నాయన, ముదిరిన గడ్డ గొట్టానికి లొంగదని పెద్దాయన. వలతో లాగితే ముక్కలు రాలి పైకి పోతాయని ఒకరు, పీల్చేటప్పుడు మాత్రం రాలవా అని ఇంకొకరు. కొన్నిసార్లు వల వేసి, దాని వెనకే గొట్టంతో పీల్చి, ఇద్దరూ గెలిచినట్టు బయటికొస్తారు. మొదటి లాగులోనే వస్తే రోగికి మేలని మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. ఇన్నేళ్ళుగా రెండు వైపులా చూసిన దాన్ని, నన్నడిగితే ఏ గడ్డకు ఏది లొంగుతుందో చేసి చూస్తే తప్ప తెలియదంటాను. నన్నెవరూ అడగరు. ఎవరిది ఎన్ని నిమిషాలు ముందు అని నా చేత పట్టికలు రాయిస్తారు.

ఇక మా ఇంటి సంగతి. మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖలాసీగా వచ్చాడు, నాన్న డ్రైవరయ్యాడు, తమ్ముడు కూడా డ్రైవరే. కాగితాల్లో లోకో పైలట్ అని మారినా కాలనీలో ఇంకా డ్రైవరే అంటారు. డ్రైవర్ల ఇళ్ళలో దేవుడికన్నా ఎక్కువ భయపడేది ఒకదానికి. మెడికల్. ఇన్నేళ్ళకోసారి రైల్వే డాక్టరు దగ్గర కళ్ళు, చెవులు, బీపీ, గుండె అన్నీ చూపించుకోవాలి. అక్కడ తప్పితే ఇంజను దింపేసి కుర్చీ పని ఇస్తారు.

నాన్నను కళ్ళ దగ్గర దింపేశారు. నిన్నటిదాకా డ్రైవర్ సాబ్ అన్నవాళ్ళే పార్సిల్ ఆఫీసులో ఆయన చేత మూటలు లెక్క పెట్టించారు. అమ్మ సాయంత్రాలు వరండాలో కూర్చోవడం మానేసింది. పక్క క్వార్టర్ల డ్రైవర్ల పెళ్ళాలు పలకరిస్తారేమోనని ఆమె భయం. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఒంట్లో ఏమున్నా రైల్వే చెవిన పడకూడదు.

ఆ చట్టానికి ఒక వంట కూడా ఉంది, అది నాన్న ఇంజను మీద ఉన్నప్పటి నుంచీ ఉన్నదే. మెడికల్ ఇంకా పది రోజులుందనగా అమ్మ ఉప్పు డబ్బా అటక మీద పెట్టేసేది. చప్పిడి పప్పు, చప్పిడి వంకాయ, ఉప్పులేని మజ్జిగ. ఆయన ఒక్కడే తింటే బాగుండదని ఇంటిల్లిపాదీ అదే తినేవాళ్ళం. బీపీ ఆ ఒక్క రోజుకి దిగితే చాలు. మెడికల్ పాసైన సాయంత్రం అమ్మ ఆవకాయ జాడీ మూత తీసేది. అది మాకు పండగ. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ఒక్క రోజు డాక్టర్ని మోసం చేయడానికి పది రోజుల పథ్యం, తర్వాత ఏళ్ళ తరబడి మా ఒంటిని మేమే మోసం చేసుకోవడం. ఒక్క మా ఇల్లే కాదు, ఆ వరసలో అన్ని క్వార్టర్లలోనూ అదే వంట.

తమ్ముడికి నలభై దాటాక బీపీ వచ్చింది. మాత్రలు నేనే తెచ్చిచ్చేదాన్ని. రైల్వే ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, కానీ అక్కడ తీసుకుంటే ఫైల్లోకి ఎక్కుతుంది. నా బ్యాగులోంచి వాడి బ్యాగులోకి, దొంగసరుకు మారినట్టు మారేవి. డ్యూటీ తిరుగుళ్ళలో వాడు సగం వేసుకుని సగం మరిచిపోయేవాడు. వేసుకుంటున్నావురా అని అడిగితే నవ్వేవాడు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. నాకు తెలిసీ ఊరుకున్నాను, అది రాయకపోతే ఈ రాత దండగ.

కిందటేడు వాడి మెడికల్ గురువారం పడింది. ఇంట్లో ఉప్పు డబ్బా అప్పటికే అటకెక్కింది. ఆదివారం పొద్దున్నే మరదలి ఫోను నుంచి తమ్ముడే మాట్లాడాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"అప్పా, చెయ్యి తిమ్మిరెక్కీసిందే. టీ గ్లాసు జారి పడిపోనాది."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి. మాట కూడా కొంచెం ముద్ద ముద్దగా వొచ్చింది. పది నిమిషాలే. ఇప్పుడు బానే ఉన్నాను, ఏటీ నేదు."

ఆ పది నిమిషాలు ఏమిటో నాకు తెలుసు. ఒక గడ్డ వచ్చి, అడ్డుపడి, దానంతటది కదిలి పోయింది. మళ్ళీ వస్తానని చెప్పి మరీ పోయింది. ఇలాంటి పది నిమిషాలను పట్టించుకోకుండా, మూడో రోజో నాలుగో రోజో స్ట్రెచర్ మీద మా దగ్గరికి వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో. వాళ్ళ ఇంట్లోవాళ్ళ మీద చిరాకు పడ్డదాన్ని. "అప్పుడే ఎందుకు తీసుకురాలేదమ్మా" అని పెద్ద ఆరిందాలా అడిగినదాన్ని. అదంతా తెలిసిన నేను, నోటితో అన్న మాట ఇది.

"ఎవరికీ చెప్పకు. గురువారం గడవనీ. శుక్రవారం నా దగ్గరికి రా, గుట్టుగా స్కాన్ తీయించీస్తాను."

"అచ్ఛా. నువ్వూ చెప్పకు."

"నేనేటి చెప్తాను. అమ్మకి అసలే చెప్పకు."

ఫోను స్పీకర్లో ఉంది. మరదలు వింది. రక్తం పల్చబడే మాత్ర ఒకటి వేసుకోమని కూడా చెప్పాను. దాంతో నా బాధ్యత తీరిపోయినట్టు నిశ్చింతగా ఉన్నాను. ఆ మధ్యలో వాడు రెండు ట్రిప్పులు చేశాడు. ఒకటి కర్గీ రోడ్ మీదుగా కట్నీ వైపు బొగ్గు గూడ్సు. అంత పెద్ద బండి ఆ కుడి చేతి కింద నడిచింది. గేట్ల దగ్గర సైకిళ్ళు పట్టుకుని నిలబడిన జనం ఎంతమందో. అప్పుడు ఆ ఆలోచనే నాకు రాలేదు. నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, గురువారం గట్టెక్కాలి.

బుధవారం పొద్దున్న మా ల్యాబ్‌లో వరసగా రెండు కేసులు. మొదటిది గుండెది. అది అవుతుండగానే తఖత్‌పూర్ నుంచి ఒక కూరగాయల ముసలాయన్ని పక్షవాతంతో తెచ్చారు. తోపుడుబండి దగ్గర ఒరిగిపోతే, పక్కనున్నవాళ్ళు అద్దె జీపులో వేసుకుని ఎక్కడా ఆగకుండా వచ్చేశారు. వాళ్ళకు దాచుకోవలసింది ఏమీ లేదు. చిన్నాయన గొట్టం వేశాడు, ఒక్క లాగులో గడ్డ వచ్చేసింది. ముసలాయన టేబుల్ మీదే పడిపోయిన చెయ్యి ఎత్తి, నా చెప్పులేవీ అని ఛత్తీస్‌గఢీలో అడిగాడు. అందరం నవ్వాం. వల అయితే ఇంకో ఆరు నిమిషాలు పట్టేదని చిన్నాయన, పట్టినా ఇంతే బాగా వచ్చేదని పెద్దాయన. నేను గడ్డను పరిచి ఫోటో తీసుకుని, సీసపు ఏప్రాన్ విప్పి, లాకర్ తెరిచి ఫోను చూశాను. ఒంటిగంట దగ్గరైంది. మరదలివి పంతొమ్మిది మిస్డ్ కాల్స్. మొదటిది పది దాటి పది నిమిషాలకు.

తమ్ముడు పదింటికి వరండాలో షేవింగ్ చేసుకుంటూ కూలబడ్డాడట. కుడి పక్క పూర్తిగా పోయింది, మాట లేదు. మరదలు రైల్వే అంబులెన్సుకు ఫోను తీసింది. అమ్మ ఆపింది.

"వొద్దే. ఆళ్ళకి ఫోన్ చేసినావంటే బుక్కులోకి ఎక్కీస్తాది. రేపే కదా మెడికల్. అప్పకి చెయ్యి, అదొస్తాది."

అప్ప రాలేదు. అప్ప లోపల ఆరు నిమిషాల గురించి నవ్వుతోంది. అమ్మ నువ్వుల నూనె వెచ్చచేసి కొడుకు చేతికి మర్దనా చేసింది. మరదలు ఒకసారి మా ఆసుపత్రి రిసెప్షనుకు కూడా ఫోను చేసిందట. ఎవరు మాట్లాడేది, ఏం కావాలి అని వాళ్ళు అడిగితే, పేరు చెప్పడానికి భయపడి "కుఛ్ నహీ" అని పెట్టేసింది. మా క్వార్టరు నుంచి మా ఆసుపత్రికి ఆటోలో పావుగంట. ఆ పావుగంట దూరంలో వాడు మూడు గంటలు పడున్నాడు.

అక్కడినుంచి నేను పరిగెత్తింది, మా అంబులెన్సు పంపింది, స్కాన్ రూము ఖాళీ చేయించింది చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు టైము ఉందా లేదా అని గుంజాటన పడి, స్కానులో అప్పటికే దెబ్బతిన్న మేర చూసి వద్దనుకున్నారు. పెద్దాయన చేతులు కడుక్కుంటూ హిందీలో అడిగాడు, ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని. నేను తెలుగులోకి తిప్పేలోపే అమ్మకు అర్థమై తల అడ్డంగా ఊపింది.

"నేదు బాబూ, ఏటీ నేదు. గుండ్రాయిలాగ ఉండేవోడు."

పాపం ఆదివారం సంగతి ఆమెకు నిజంగా తెలియదు. మరదలు నా వైపు చూసింది. నేను స్కాన్ ఫిల్ము వైపు చూశాను. పెద్దాయన రాసుకున్నాడు, మునుపు ఏమీ లేదు అని.

సొంత మనిషి కేసులో నన్ను లోపల ఉండనివ్వలేదు. అద్దం అవతల కంప్యూటర్ల గదిలో నిలబడ్డాను. పెద్దాయన వల వేశాడు. ఆగాడు. లాగాడు. ఏమీ రాలేదు. రెండోసారి వేశాడు, కొంత వచ్చింది, నాళం తెరుచుకోలేదు. అప్పుడు చిన్నాయన్ని పిలిచారు. గొట్టం వేసి పీల్చారు, మూడోసారికి వచ్చింది. తెర మీద నల్లటి కొమ్మలు చివర్ల దాకా విచ్చుకున్నాయి. ఎంత బాగా తెరుచుకుందో. పుస్తకంలో వేసుకునేంత బాగా తెరుచుకుంది. లోపల నీళ్ళందని మడి ఎండిపోయాక కాలువ గేటు ఎత్తారు, అంతే.

ట్రేలో దాన్ని తెచ్చి నా ముందు పెట్టారు. అలవాటైన చేతులు కదా, కడిగి, గాజుగుడ్డ మీద పరిచాను. రెండు ముక్కలు. ముదురు ఎరుపు, గట్టిగా ఉంది. స్కేలు పెట్టాను. ఫోటో తీశాను.

తర్వాతి నెల మా ఆసుపత్రిలో వల, గొట్టం మీద మీటింగు జరిగింది. ఏడాది కేసులన్నీ పట్టికగా వేసి తెర మీద చూపించాలి, పట్టిక రాసేది నేనే. పేర్లు ఉండవు, నంబర్లే. తొడ దగ్గర సూది గుచ్చిన టైము, నాళం తెరుచుకున్న టైము, ఎన్ని లాగులు, ఏ సామాను. మా తమ్ముడు ఒక వరస. వల రెండుసార్లు విఫలం, గొట్టంతో మూడోసారి సఫలం. సఫలం అన్న గడిలో నా చేత్తోనే టిక్కు పెట్టాను. చిన్నాయన ఆ వరస దగ్గర ఆగి, మొదటే గొట్టం వేసి ఉంటే పన్నెండు నిమిషాలు మిగిలేవన్నాడు. మొదటే గొట్టం వేస్తే అదీ జారిపోయేదేమో, మీరెలా చెప్తారని పెద్దాయన. మంచివాళ్ళే ఇద్దరూ, నా బాధ తెలిసినవాళ్ళే, ఆ వరస నా తమ్ముడిదని క్షణకాలం మరిచిపోయారు. నేను వాళ్ళను తప్పు పట్టను. ఆ పన్నెండు నిమిషాల కోసం వాళ్ళు నిజంగా కొట్టుకున్నారు. మేము ఇంట్లో మూడు గంటలు పారబోశాం, అంతకు ముందు మూడు రోజులు పారబోశాం, వాటికి ఆ పట్టికలో గడి లేదు. పట్టిక సూది గుచ్చిన దగ్గర మొదలవుతుంది. లేచి చెబుదామనుకున్నాను. మీ వలా తప్పు కాదు, మీ గొట్టమూ తప్పు కాదు, ఆదివారం పొద్దున్న ఫోనెత్తి మాట్లాడిన టెక్నీషియన్ ఒకతె ఉంది, ఆమెకో గడి వేయండి అని. లేవలేదు. తరవాతి స్లయిడు నొక్కాను.

ఏది జరగకూడదని ఇంత చేశామో అది కాగితం మీద మూడు లైన్లలో జరిగిపోయింది. ఇంజను పనికి పనికిరాడు అని రాశారు. ఆఫీసులో ఒక కుర్చీ ఇచ్చారు. ఎడం చేత్తో రిజిస్టర్లు జరపడం వాడి పని. నడుస్తాడు, కాలు ఈడుస్తూ. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. అమ్మ ఇప్పుడు రోజూ ఉప్పు లేకుండానే వండుతోంది, ఈసారి డాక్టరు చెప్పాడు కాబట్టి. అప్పుడే పోయి బీపీ ఉందని చెప్పి ఉంటే ఒకటో రెండో మాత్రలతో వాడు ఇంజను మీదే ఉండేవాడేమో. బీపీ అదుపులో ఉన్న డ్రైవర్లను అంత తేలిగ్గా దింపరట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ముందు ఎవరినీ అడగలేదు కదా, అడిగితే బయటపడుతుందని.

వాడి మాటలన్నీ పోయాయి. ఒక్కటి మిగిలింది. "చెప్పకు." నీళ్ళు కావాలన్నా అదే, ఆకలేసినా అదే, టీవీలో క్రికెట్ చూసి సంతోషమొచ్చినా అదే. గొంతు మారుతుంది, మాట మారదు. కోపంగా చెప్పకు, బతిమాలుతూ చెప్పకు. మరదలు గొంతును బట్టి ఏది కావాలో పట్టేస్తుంది. ఆమె ఈ రోజు వరకూ ఆ మాట సంగతి నాతో ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. వెళ్ళినప్పుడల్లా కుర్చీ తుడిచి వేసి, "కూర్చో వదినా, టీ పెడతాను" అంటుంది.

మాట నేర్పించే అమ్మాయి వారానికోసారి మా ఆసుపత్రికి వస్తుంది. రాయపూర్ పిల్ల, తెలుగు రాదు. ఇలాంటివాళ్ళకు ఒక్కోసారి ఏదో ఒక మాట ఇరుక్కుపోతుందనీ, అది ఎక్కడిదో తెలిస్తే తనకు పని కాస్త తేలికవుతుందనీ చెప్పింది. మొన్న తమ్ముణ్ణి నేనే తీసుకెళ్ళాను. ఈ మాటకు అర్థమేమిటి దీదీ అని అడిగింది. హిందీలో అర్థం చెప్పాను.

ఇది ఎవరి మాట, ఎవరైనా ఈయనతో తరచుగా అనేవాళ్ళా అని మళ్ళీ అడిగింది.

తెలీదన్నాను.

తమ్ముడు నా వైపు తిరిగాడు. ఎడం చెయ్యి నా చేతి మీద వేసి, మెల్లిగా, నాకు ధైర్యం చెబుతున్నట్టుగా, "చెప్పకు" అన్నాడు.